మైదానం తగాదా మన పిల్లలే తీర్చుకున్నారు

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

గత మంగళవారం భోజన విరామంలో జరిగిన గొడవ గురించి మీలో చాలామందికి నా ఉత్తరం కన్నా ముందే ఫోన్లలో తెలిసిపోయింది. ఎనిమిదో తరగతి అబ్బాయిలు వికెట్లు పాతే చోటే తొమ్మిదో తరగతి అమ్మాయిలు ఖోఖోకు ముగ్గుతో గీతలు గీశారు. మాటా మాటా పెరిగింది. వికెట్లు పీకేశారు, గీతలు కాళ్లతో చెరిపేశారు. తోపులాటలో ఒక అమ్మాయి మోకాలు గీరుకుపోయింది, ఒకరి బ్యాటు ప్రహరీ అవతల పడింది. మోకాలికి వెంటనే మందు రాశాం, బ్యాటు దొరికింది. తోసిన పిల్లలు క్షమాపణ చెప్పారు. అయితే స్థలం తగాదా క్షమాపణతో తీరేది కాదు.

రోజు విడిచి రోజు ఆడుకోమని ముందుగా మేమే చెప్పి చూశాం. ఎంపిక పోటీలు దగ్గరపడుతున్న అమ్మాయిలకూ అది నచ్చలేదు, అబ్బాయిలకూ నచ్చలేదు. అప్పుడు అటు నలుగురిని, ఇటు నలుగురిని గ్రంథాలయంలో కూర్చోబెట్టాను. పెట్టిన నియమం ఒక్కటే: అవతలివాళ్లకు ఏం కావాలో ముందు మీరు చెప్పాలి, వాళ్లు 'అవును, అదే' అన్నాకే మీ మాట. మొదటి రోజు విరామమంతా దీనికే సరిపోయింది. రెండో రోజు ఒక అబ్బాయి ఉన్నట్టుండి, "మాకు కావలసింది గోడ మేడమ్, ఆ మట్టితో మాకేం పని?" అన్నాడు. అమ్మాయిలకు కావలసింది సరిగ్గా ఆ మట్టే! వేపచెట్టు పక్కన నేల మెత్తన, దూకి పడినా దెబ్బ తగలదు. అబ్బాయిలు అక్కడే ఆడటానికి కారణం వెనకున్న ఎత్తు గోడ. రెండో వైపు ఆడితే బంతి రోడ్డు మీదికి పోతుంది. ఆ మాట పూర్తికాకముందే ఖోఖో కెప్టెన్ టేపు పట్టుకుని బయటికి పరుగెత్తింది. ఖోఖోకు 27 మీటర్ల పొడవు, 16 మీటర్ల వెడల్పు కావాలి. చెట్టు వైపు సరిగ్గా సరిపోయింది. రెండో వైపు పొట్టి ప్రహరీ మీద పాత వాలీబాల్ వల కడితే క్రికెట్‌కు అడ్డు లేదు. వల కట్టడానికి అమ్మాయిలూ వచ్చారు. ఆ ఎనిమిది మందిని చూసి నాకు ఎంత గర్వంగా ఉందో రాయడానికి మాటలు చాలడం లేదు.

దీన్ని రాజీ అనకండి. రాజీలో ఇద్దరూ తలా కొంత పోగొట్టుకుంటారు. ఇక్కడ ఎవరూ ఏదీ పోగొట్టుకోలేదు. మేరీ పార్కర్ ఫాలెట్ అనే అమెరికా రచయిత్రి 1925లోనే ఈ తేడా వివరించారు. హార్వర్డ్ గ్రంథాలయంలోని ఒక చిన్న గదిలో ఒకరు కిటికీ తెరవాలన్నారు, ఆమె వద్దన్నారు. చివరికి ఎవరూ లేని పక్కగది కిటికీ తెరిచారు. ఆయనకు కావలసింది గాలి, ఆమె వద్దన్నది మీదికి నేరుగా కొట్టే గాలి. 'ఏం కావాలి' దగ్గర ఆగకుండా 'ఎందుకు కావాలి' అని అడగడం లెక్కల్లో ఎక్కం లాగా నేర్పవలసిన విద్య అని నా గట్టి నమ్మకం. మన హైదరాబాద్‌లోనే 2021 డిసెంబరులో అంతర్జాతీయ మధ్యవర్తిత్వ కేంద్రం ప్రారంభమైంది. 2023 నాటి మధ్యవర్తిత్వ చట్టం ఇరుగుపొరుగు తగాదాలకు కూడా, ఇరుపక్షాలూ ఒప్పుకుంటే, మధ్యవర్తుల ముందు కూర్చునే దారి చూపింది. పెద్దలు చట్టం చేసుకుని మరీ నేర్చుకుంటున్నది పిల్లలు పదమూడేళ్లకే నేర్చుకుంటే ఎంత మేలు! ఇకపై ప్రతి శనివారం చివరి పీరియడ్ దీనికే.

మీ సహకారం ఎప్పుడూ ఉంది, కృతజ్ఞతలు. అయితే ఆ మంగళవారం రాత్రి పదకొండు దాటాక కూడా ఫలానా పిల్లవాణ్ని బడి నుంచి పంపించేయమని సందేశాలు వచ్చాయి. వాటిని పిల్లలూ చదివారు. మర్నాడు వాళ్లను కూర్చోబెట్టడానికి రెండింతలు కష్టపడ్డాం. "ఒకటి కొడితే రెండు కొట్టి రా" అని చెప్పి పంపితే మేము ఇక్కడ చేసేదేముంది? ఇంట్లో రిమోట్ కోసం అక్కాతమ్ముళ్లు పోట్లాడితే ఒకరి చేతిలో ఫోను పెట్టేస్తున్నారని పిల్లలే చెబుతున్నారు. దయచేసి అలా చేయకండి. పది నిమిషాలు పట్టినా సరే, వాళ్లనే మాట్లాడుకోనివ్వండి.

ఎఫ్‌ఏ-1 పరీక్షల పట్టిక డైరీలో అంటించాం, బోనాల సోమవారం సెలవు, ఉప్పల్ బస్సు పది నిమిషాలు ముందు బయలుదేరుతుంది.

వలకు రెండు చోట్ల చిరుగులున్నాయి. ఎవరి ఇంట్లోనైనా నైలాన్ తాడు ఉంటే శనివారంలోగా పంపండి. కుట్టే పని తమదేనని ఎనిమిదో తరగతివాళ్లు అప్పుడే పంచుకున్నారు.

మీ
ప్రధానోపాధ్యాయురాలు