మెకానిక్స్ పుస్తకాన్ని ఎక్కడ తెరిచి చూడాలి

తల్లీ,

వచ్చే సెమిస్టర్‌లో మొదటి సంవత్సరం వాళ్లకి ఇంజనీరింగ్ మెకానిక్స్ నువ్వే చెప్పబోతున్నావనీ, టెక్స్ట్‌బుక్ ఏది పెట్టాలో కూడా నిన్నే తేల్చమన్నారనీ తెలిసి చాలా సంతోషించాను. నాలుగు పుస్తకాలు ముందేసుకుని విషయసూచికలు పోల్చి చూస్తున్నానన్నావు. ఆ పని ఆపెయ్యి. ఈ సబ్జెక్టులో విషయసూచికలన్నీ దాదాపు ఒక్కలాగే ఉంటాయి: బలాలు, మొమెంట్లు, సమతాస్థితి, ట్రస్‌లు, ఘర్షణ, సెంట్రాయిడ్, ఆ తర్వాత డైనమిక్స్. అసలు తేడా తెలియాలంటే పిల్లలు తడబడే చోట ఆ పుస్తకం ఏం చేస్తుందో చూడాలి. ఇన్నేళ్లు ఈ సబ్జెక్టు చెప్పాక నాకు బాగా తెలిసినవి ఆ చోట్లే.

ముందు ఘర్షణ అధ్యాయం తెరువు. నేలమీద 10 కిలోల దిమ్మ ఉంది, ఘర్షణ గుణకం 0.4 అనుకో. దాన్ని 20 న్యూటన్లతో అడ్డంగా లాగితే ఘర్షణ ఎంత? ఆ గుణకాన్ని, అంటే మ్యూని, నేల దిమ్మని పైకి నెట్టే నార్మల్ రియాక్షన్‌తో గుణించి 39.2 అని రాసేవాళ్లు క్లాసులో సగానికి తక్కువ ఉండరు. సరైన జవాబు 20 న్యూటన్లే. 5తో లాగితే 5. దిమ్మ కదలనంత సేపూ ఘర్షణ ఎంత కావాలో అంతే ఉంటుంది, 39.2 దాని గరిష్ఠ పరిమితి మాత్రమే. ఈ మాట ఏ పుస్తకమైనా ఒకసారి చెబుతుంది. కానీ ఆ తర్వాత చేసి చూపించిన లెక్కలన్నీ జారబోయే క్షణం మీదే ఉంటే, పిల్లవాడి తలలో మిగిలేది మ్యూ ఇంటూ నార్మల్ అనే సూత్రం ఒక్కటే. వస్తువు కదులుతుందో లేదో ముందు చెప్పకుండా, తేల్చుకోమని అడిగే లెక్కలు ఆ అధ్యాయంలో ఎన్ని ఉన్నాయో చూడు.

తర్వాత డైనమిక్స్‌లో దొర్లే సిలిండర్ దగ్గరికి వెళ్లు. 30 డిగ్రీల వాలు మీద నిండు సిలిండర్ జారకుండా దొర్లితే కేంద్రం త్వరణం 3.27 మీటర్లు పర్ సెకండ్ స్క్వేర్. అలా దొర్లడానికి ఘర్షణ గుణకం కనీసం 0.19 ఉండాలి. గుణకం 0.4 ఇచ్చి, ఘర్షణ గరిష్ఠంగా ఉందనుకుని లెక్క కట్టించు: కేంద్రం త్వరణం 1.51, కోణీయ త్వరణాన్ని వ్యాసార్ధంతో గుణిస్తే 6.80 వస్తుంది. జారకుండా దొర్లితే ఆ రెండూ సమానం కావాలి కదా, అవి ఒకదానికొకటి పొంతనే లేవు. మంచి పుస్తకం ముందు జారడం లేదని ఊహించి, ఎంత ఘర్షణ అవసరమో కనుక్కుని, అంత ఘర్షణ ఆ తలాల మధ్య సాధ్యమేనా అని చివర్లో సరిచూస్తుంది. గుణకం 0.1 అయితే ఆ ఊహ వీగిపోతుంది, సిలిండర్ జారుతూ దొర్లుతుంది, త్వరణం 4.06 అవుతుంది. ఊహించడం, సరిచూడడం, కాకపోతే వెనక్కి రావడం అనే ఈ అలవాటు పుస్తకంలో కనిపించకపోతే నువ్వు బోర్డు మీద ఎన్నిసార్లు చేసి చూపించినా పిల్లలకి అంటదు. ఎందుకంటే పరీక్ష ముందు రాత్రి వాళ్ల ముందుండేది పుస్తకమే.

వస్తువుని విడిగా గీసి దాని మీది బలాలన్నీ చూపించే ఫ్రీ బాడీ డయాగ్రమ్ విషయంలో నాకు పట్టుదల ఎక్కువని నీకు తెలుసు. లాగ్రాంజ్ 1788లో వేసిన మెకానిక్స్ గ్రంథంలో ఒక్క బొమ్మ కూడా లేదు, ఆ సంగతి ముందుమాటలో ఆయనే చెప్పుకున్నాడు. అది మహా గ్రంథమే, కానీ ఇంజనీరుకి బొమ్మ లేకుండా జరగదు. ఆధారాల నుంచి, తాళ్ల నుంచి వస్తువుని విడదీసి వేరే బొమ్మగా గీస్తున్నారా, లేక మొదటి బొమ్మ మీదే బాణాలు పెట్టి సరిపెడుతున్నారా? కదలని వస్తువుల భాగం, అంటే స్టాటిక్స్, అయిపోగానే ఆ బొమ్మలు మాయమైపోతున్నాయా? బీర్, జాన్‌స్టన్ పుస్తకంలో నాకు బాగా నచ్చేది ఇక్కడే. డైనమిక్స్‌లో ఒక పక్క బలాల బొమ్మ, ఇంకో పక్క ద్రవ్యరాశి ఇంటూ త్వరణం బొమ్మ గీసి, మధ్యలో సమానం గుర్తు పెడతారు. సమీకరణాలు ఎక్కడి నుంచి వచ్చాయో కంటికి కనిపిస్తుంది.

వెక్టర్లు ఎక్కువున్న పుస్తకమే ఆధునికం అనే మాట నమ్మకు. ఒకే తలంలో ఉన్న లెక్కలో మొమెంట్‌కి, అంటే బలం తిప్పే ప్రభావానికి, వెక్టర్ల క్రాస్ ప్రొడక్ట్ అక్కర్లేదు, బలం ఇంటూ లంబదూరం చాలు. మూడు దిక్కుల్లో తాళ్లు కట్టిన స్తంభం వచ్చినప్పుడు వెక్టర్ పద్ధతే ప్రాణం నిలబెడుతుంది. రెండింటినీ వాటి వాటి చోట వాడే పుస్తకం కావాలి. టిమొషెంకో, యంగ్‌ల పాత పుస్తకం లంబదూరాలతో ఆలోచించడం అద్భుతంగా నేర్పుతుంది. దాన్ని నువ్వు చదివి క్లాసులో వాడుకో, పిల్లలకి మాత్రం ప్రధాన పుస్తకంగా పెట్టకు. డెన్ హార్టాగ్ 1948లో రాసిన మెకానిక్స్ కూడా అంతే. చదవడానికి హాయిగా ఉంటుంది, కానీ యూనిట్లు అడుగులు, పౌండ్లు. మొదటి ఏడాది పిల్లలకి, ఆ పద్ధతిలో ద్రవ్యరాశి యూనిట్ అయిన స్లగ్ అంటే 14.59 కిలోలు అని గుర్తు చేసుకుంటూ కూర్చునే శ్రమ పెట్టకూడదు.

ఇంకొక్క చోటు, చిన్నదే. కదిలే బిందువు చుట్టూ మొమెంట్లు తీసుకున్నప్పుడు, మొమెంట్ ఈక్వల్స్ జడత్వ భ్రామకం ఇంటూ కోణీయ త్వరణం అనే సూత్రం అన్నిచోట్లా చెల్లదు. ద్రవ్యరాశి కేంద్రం చుట్టూ, స్థిర బిందువు చుట్టూ ధైర్యంగా వాడుకోవచ్చు. బరువు ఒక పక్కకి ఉన్న చక్రానికి, నేలని తాకే బిందువు చుట్టూ వాడితే తప్పొస్తుంది. ఈ హెచ్చరిక ఇవ్వని పుస్తకాన్ని నేనైతే పక్కన పెట్టేస్తాను.

ఎడిషన్ గురించి కంగారు పడకు. కొత్త ఎడిషన్‌లో ఎక్కువగా మారేది లెక్కల నంబర్లూ, రంగులూ. నువ్వు హోంవర్కు ఇచ్చేటప్పుడు నంబరు కాకుండా లెక్కే రాసి ఇస్తే పాతది ఉన్నవాళ్లూ చదువుకోగలరు.

రెండు పుస్తకాలకి వచ్చాక, కిందటేడు ఈ పేపరు కష్టపడి పాసైన ఇద్దరు ముగ్గురు పిల్లల్ని పిలువు. రెండింట్లోంచీ ఘర్షణ అధ్యాయం ఇచ్చి, ఎక్కడ అర్థం కాక ఆగిపోయారో అక్కడ పెన్సిలుతో గీత పెట్టమను. మనకి అన్నీ ముందే తెలుసు కాబట్టి ఆ చోట్లు మన కళ్లకి కనబడవు. బాగా చదివే పిల్లల్ని మాత్రం అడగకు, వాళ్లకి ఏ పుస్తకమైనా ఒకటే.

ఎప్పటిలోగా చెప్పాలో రాయి. ఆ నాలుగింట్లో సిలిండర్ లెక్క చివర సరిచూసినవి ఏవో కూడా రాయి, నాకూ తెలుసుకోవాలని ఉంది.

అమ్మ