కెనడా తలుపులు ఇవాళ కొత్తగా మూయడం లేదు

సంపాదకుల వారికి నమస్కారం.

పోయిన ఆదివారం మన పేపర్లో కెనడా స్టూడెంట్ వీసాల మీద వచ్చిన వ్యాసం చదివానండీ. వివరాలన్నీ బాగానే ఇచ్చారు. 2024 జనవరిలో స్టడీ పర్మిట్లకి లిమిట్ పెట్టడం, ఖర్చులకి చూపించాల్సిన డబ్బు 10 వేల డాలర్ల నుంచి 20,635 డాలర్లకి పెంచడం, ఆ నవంబర్లోనే ఎస్‌డీఎస్ అనే ఫాస్ట్ రూటు ఎత్తేయడం, అంతా కరెక్టే. కానీ వ్యాసం మొత్తం మీద ఒకప్పుడు అందరినీ రారమ్మని పిలిచిన దేశం ఇప్పుడు ఒక్కసారిగా మారిపోయింది అన్నట్టు రాశారు చూడండి, అది మాత్రం నాకు మింగుడు పడలేదు. పని పడ్డప్పుడు పిలవడం, పని అయిపోయాక గేటు వేసెయ్యడం ఆ దేశానికి కొత్తేం కాదు, నూట నలభై ఏళ్ల నుంచీ ఉన్నదే.

చైనా కూలీల సంగతే తీసుకోండి. 1881 నుంచి 1885 దాకా కెనడా పడమటి రాష్ట్రం బ్రిటిష్ కొలంబియా కొండల్లో పసిఫిక్ రైల్వే లైను వేయడానికి పదిహేను వేల మందికి పైగా చైనా వాళ్లని దింపారు, డైనమైట్ పేలీ కొండచరియలు విరిగీ జబ్బులు చేసీ వందల మంది అక్కడే పోయారు. 1885 నవంబర్ 7న క్రెయిగెలాకీ అనే చోట ఆ రైలు పట్టాలకి ఆఖరి మేకు కొట్టారు, ఆ ఫొటో కెనడా పిల్లల పుస్తకాల్లో ఉంటుంది, నెట్‌లో కూడా దొరుకుతుంది చూడండి, తెల్ల గడ్డంతో పెద్ద టోపీ పెట్టుకుని డొనాల్డ్ స్మిత్ సుత్తి పట్టుకుని వంగి ఉంటాడు, చుట్టూ బోలెడు మంది మూగి ఉంటారు, అందులో చైనా మనిషి ఒక్కడు కనపడడు. అదే ఏడాది చైనా నుంచి వచ్చేవాళ్ల మీద తలకి 50 డాలర్ల పన్ను వేశారు! ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, దాటాక బోడి మల్లన్న అని మనవాళ్లు ఊరికే అనలేదు. 1903 కల్లా ఆ పన్ను 500 డాలర్లు అయింది, అంటే ఒక కూలీకి దగ్గర దగ్గర రెండేళ్ల సంపాదన. అదీ చాల్లేదని 1923 జులై 1న, అంటే సరిగ్గా వాళ్ల జాతీయ దినం రోజున, చైనా వలసలు దాదాపు పూర్తిగా ఆపేస్తూ చట్టం అమల్లోకి తెచ్చారు. అది పోవడానికి 1947 దాకా పట్టింది. పార్లమెంటులో ప్రధాని క్షమాపణ చెప్పింది 2006లో, అప్పటికి పన్ను కట్టినవాళ్లలో బతికున్నది ఏ కొద్దిమందో.

ఇక మన భారతీయుల విషయానికొస్తే, అక్కడ లాయర్ బుర్ర వాడారు. మనం కూడా బ్రిటిష్ సామ్రాజ్యం ప్రజలమే కాబట్టి ఇండియన్స్ రాకూడదు అని పచ్చిగా రాస్తే లండన్‌కి ఇబ్బంది, అందుకని 1908లో ఒక రూల్ పెట్టారు, పుట్టిన దేశం నుంచి మధ్యలో ఎక్కడా ఆగకుండా ఒకే టికెట్ మీద రావాలి అని. అందులో ఏ జాతి పేరూ ఉండదు, చదివితే తప్పేముంది అనిపిస్తుంది. మరోపక్క కలకత్తా నుంచి అలాంటి డైరెక్ట్ టికెట్లు అమ్మొద్దని ఓడల కంపెనీకి చెప్పేశారు. దానికి తోడు ఆసియా వాళ్ల చేతిలో 200 డాలర్లు ఉండాలన్నారు. అంటే రావొచ్చు గానీ రాలేరు. దీన్ని సవాలు చేస్తూ గుర్‌దిత్ సింగ్ అనే ఆయన కొమగాటా మారు అనే జపాన్ ఓడని అద్దెకి తీసుకుని 376 మందితో బయల్దేరాడు, ఎక్కువమంది పంజాబీ సిక్కులు, కొద్దిమంది ముస్లింలు, హిందువులు. 1914 మే 23న వాంకూవర్ చేరారు. ఎదురుగా ఊరు కనపడుతూనే ఉంది, దిగనివ్వరు. రెండు నెలలు అలాగే ఓడలో, నీళ్లకి తిండికి కటకట, ఒడ్డున ఉన్న మనవాళ్లు చందాలు వేసుకుని ఓడ అద్దె కట్టి కోర్టులో లాయర్ని పెట్టుకుని కొట్లాడారు, కేసు పోయింది. జులైలో ఒక అర్ధరాత్రి 150 మంది దాకా పోలీసుల్ని ఎక్కించుకుని సీ లయన్ అనే పడవ ఈ ఓడని పట్టుకోవడానికి వస్తే, పైనున్నవాళ్లు బొగ్గు గడ్డలు విసిరి తరిమికొట్టారు. ఆఖరికి యుద్ధనౌకని తెచ్చి నిలబెట్టి జులై 23న వెనక్కి పంపేశారు, అంతకు ముందు కెనడాలో ఉండి వచ్చిన ఓ ఇరవై చిల్లర మందిని మాత్రం దిగనిచ్చారు. ఇక్కడ కలకత్తా దగ్గర బజ్ బజ్‌లో దిగితే మన గడ్డ మీదే బ్రిటిష్ వాళ్లు కాల్పులు జరిపారు, దాదాపు ఇరవై మంది చచ్చిపోయారు. విదేశాల్లో ఉన్న మనవాళ్లు బ్రిటిష్ పాలన మీద లేవదీసిన గదర్ ఉద్యమానికి ఇది ఎంత ఊపు ఇచ్చిందో చరిత్ర చదివినవాళ్లకి తెలుసు, ఆ గదర్ పార్టీలో మన కనిగిరి వైపు నుంచి వెళ్లిన దర్శి చెంచయ్య గారు కూడా ఉన్నారు, ఆయన పేరు ఇవాళ ఎంతమందికి గుర్తుందో అది వేరే కథ.

అప్పటికే అక్కడ స్థిరపడిన మనవాళ్లకి కూడా 1907లోనే బ్రిటిష్ కొలంబియాలో ఓటు తీసేశారు. ఓటర్ల లిస్టులో పేరు లేదు కాబట్టి లాయర్, ఫార్మసిస్ట్ లాంటి పనులు చేసే వీలు లేదు. భార్యాపిల్లల్ని తెచ్చుకోవడానికి 1919 దాకా అనుమతే లేదు. ఓటు మళ్లీ వచ్చింది 1947లో, అదీ గురుద్వారాల్లో మీటింగులు పెట్టుకుని, అర్జీలు పట్టుకుని ఏళ్ల తరబడి తిరిగితే. చిత్రం ఏంటంటే చట్టం ప్రకారం కెనడా పౌరుడు అనేవాడు పుట్టింది కూడా ఆ 1947 జనవరి 1నే, అప్పటిదాకా అందరూ బ్రిటిష్ ప్రజలే, వాంకూవర్లో ఆపేసిన ఆ ఓడలో ఉన్నవాళ్లతో సహా. ఇక ఆ నేల అసలు వారసులైన ఆదివాసీలకి, వాళ్ల చట్టబద్ధ గుర్తింపు వదులుకోకుండా దేశ ఎన్నికల్లో ఓటు వేసే హక్కు వచ్చింది 1960లో. అప్పటికి వాళ్ల పిల్లల్ని ఇళ్ల నుంచి లాక్కెళ్లి రెసిడెన్షియల్ స్కూళ్లలో పడేసి సొంత భాష మాట్లాడితే కొట్టే పద్ధతి ఇంకా నడుస్తూనే ఉంది, మొత్తం లక్షా యాభై వేల మంది పిల్లలు ఆ బడుల గుండా వెళ్లారు, ఆఖరి బడి 1990ల చివర్లో గానీ మూతపడలేదు. దీని మీద వేరే ఉత్తరం రాయాలి, ఇక్కడ సరిపోదు.

మరి తలుపు ఎప్పుడు తీశారు అంటే, యూరప్ నుంచి వచ్చేవాళ్లు తగ్గి, చదువుకున్నవాళ్ల అవసరం పెరిగాక. 1962లో జాతి రంగు చూసే నిబంధనలు చాలావరకు తీసేశారు, 1967లో చదువు, భాష, అనుభవం లాంటివాటికి మార్కులేసి మనుషుల్ని తీసుకునే పాయింట్ల సిస్టమ్ తెచ్చారు, ఇవాళ మన పిల్లలు వేళ్ల మీద లెక్కేసుకునే స్కోర్లకి మూలం అదే. 1971లో అన్ని సంస్కృతులూ సమానం అని ప్రకటించారు కదా, అది కూడా ఊరికే మంచితనంతో వచ్చింది కాదు. ఇంగ్లీషు ఫ్రెంచి వాళ్ల గొడవ తీర్చడానికి కమిషన్ వేస్తే, మరి మా సంగతేంటి అని ఉక్రెయిన్ మూలాలున్న రైతు కుటుంబాల వాళ్లు, ఇంకా మిగతావాళ్లు గట్టిగా అడిగితే వచ్చింది. కన్సల్టెన్సీ వాళ్లు ఫ్రీ వైద్యం ఫ్రీ వైద్యం అని ఊదరగొడతారే, 1962లో అక్కడి రాష్ట్రం సస్కాచెవాన్‌లో అది మొదలుపెడితే డాక్టర్లు 23 రోజులు సమ్మె చేశారు. అక్కడ ఏదీ ఎవరూ ఉత్తినే ఇవ్వలేదండీ.

ఒక మాట మాత్రం ఒప్పుకోవాలి, ఇప్పటి వీసా లిమిట్‌నీ అప్పటి ఓడ రూల్‌నీ ఒకే గాటన కట్టకూడదు. ఇప్పటిది అన్ని దేశాలకీ ఉంది, ఇళ్ల అద్దెలు పెరిగి అక్కడి జనం కూడా నిజంగానే అవస్థ పడ్డారు. కానీ ఇంతమందిని ఎవరు పిలిచారు? ఒంటారియో రాష్ట్రంలో 2019లో లోకల్ పిల్లల ఫీజు 10 శాతం తగ్గించి అక్కడే ఫ్రీజ్ చేసేశారు, మరి కాలేజీలు నడవాలి కదా, ఆ లోటు పూడ్చింది మన పిల్లల ఫీజులే, ఇక్కడ పొలాలు తాకట్టు పెట్టి కట్టిన ఫీజులు. ఇప్పుడు జనం ఎక్కువయ్యారని వాళ్లంటుంటే, పదేళ్ల క్రితం వెళ్లి పీఆర్, అంటే శాశ్వత నివాస హక్కు, తెచ్చుకున్న మనవాళ్లు కొందరు కూడా అవునవును ఈ కొత్త స్టూడెంట్లతో పరువు పోతోంది అని వాట్సాప్ గ్రూపుల్లో వంత పాడుతున్నారు. 1914లో ఒడ్డున నిలబడి చందాలు వేసుకున్నవాళ్లు ఇలా అనుకుని ఉంటే వీళ్లు ఇవాళ కెనడాలో మనవాళ్లు ఎక్కువగా ఉండే బ్రాంప్టన్‌లో ఉండేవాళ్లా అని నాకు గట్టిగా అడగాలనిపిస్తుంది.

అందుకే మీకు నా మనవి ఏంటంటే, మీ చదువుల పేజీలో వారం వారం ఐఈఎల్‌టీఎస్ చిట్కాలు, ఫలానా కోర్సుకి ఎన్ని పాయింట్లు అని వేస్తున్నారు, దాని కింద సగం పేజీ కన్సల్టెన్సీల యాడ్స్. అందులో ఓ రెండు కాలాలు ఈ చరిత్రకి ఇవ్వండి. వరసగా ఓ నాలుగు వారాలు వేసినా చాలు, చైనా కూలీలు, కొమగాటా మారు, ఆదివాసీ బడులు, ఓటు హక్కు. రాయడానికి మనుషులు కావాలంటే మన యూనివర్సిటీల హిస్టరీ డిపార్ట్‌మెంట్లలో అడగండి, రాసేవాళ్లు దొరుకుతారు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ సోషల్ టీచర్,
ఖమ్మం