తల్లిదండ్రుల సంఘం వార్షిక నివేదిక, 2024-25: బడిలో కష్టం ఎవరికి చెప్పాలి, ఎలా చెప్పాలి

గౌరవ సభ్యులకు నమస్కారం.

2024 జూన్ నుంచి 2025 జూన్ దాకా మన సంఘం చేసిన పనిని ఈ సర్వసభ్య సమావేశం ముందు పెడుతున్నాను. నోటు పుస్తకాల పంపిణీ, పదో తరగతి పిల్లలకు బహుమతులు ఎప్పటిలాగే జరిగాయి. వాటి ఖర్చు కోశాధికారి ఇచ్చే లెక్కల్లో ఉంది కాబట్టి ఇక్కడ రాయడం లేదు. ఈ ఏడాది మన కాలంలో ఎక్కువ భాగం వేరే పనికి పోయింది. బడిలో ఏదైనా తేడా జరిగినప్పుడు తల్లిదండ్రులు ఎవరి దగ్గరికి వెళ్లాలి, ఏం రాసివ్వాలి, ఇచ్చిన అర్జీ ఎక్కడ ఆగిందో ఎలా కనుక్కోవాలి అన్నదే ఆ పని.

నెలవారీ సమావేశాల్లో ఎక్కువగా వినిపించిన మాట ఒకటే. "మనం నోరు తెరిస్తే రేపటి నుంచి మా పిల్లాణ్ని వేరుగా చూస్తారేమో." ఈ భయం ఉత్తదేమీ కాదు. బిడ్డ రోజంతా ఉండేది బడివాళ్ల చేతుల్లోనే. అందుకే మొదట్లోనే ఒక పద్ధతి పెట్టుకున్నాం. ఏ అర్జీ కూడా ఒక్క తల్లి పేరుతోనో, ఒక్క తండ్రి పేరుతోనో వెళ్లదు. ఆ తరగతి తల్లిదండ్రులు కొందరు కలిసి సంతకాలు పెడతారు, లేదా సంఘం తరఫున వెళ్తుంది. పిల్లల పేర్లు తప్పనిసరైతే తప్ప రాయం. అర్జీ రెండు ప్రతులు తీసుకెళ్లి, ఒకటి ఇచ్చి, రెండోదాని మీద అందినట్టు సంతకం, తేదీ, ఆఫీసు ముద్ర వేయించుకుని వస్తాం. నోటితో చెప్పింది సాయంత్రానికి గాలికి పోతుంది. ముద్ర పడిన కాగితానికి ఎవరో ఒకరు జవాబు చెప్పాల్సి వస్తుంది.

మరుగుదొడ్లు, నీళ్లు

ఈ ఏడాది ఎక్కువ తిరిగింది మన వార్డు ప్రభుత్వ ఉన్నత పాఠశాల విషయంలోనే. ఆడపిల్లలు బాటిల్ నిండా నీళ్లు తీసుకెళ్లి అలాగే తిరిగి తెస్తున్నారని తల్లులు గమనించారు. అడిగితే, బాత్రూమ్‌కి వెళ్లాల్సి వస్తుందని తాగడం లేదన్నారు. మోటారు కాలిపోయి ట్యాంకులోకి నీళ్లు ఎక్కడం లేదు. మొదట నోటిమాటగా చెబితే హెచ్.ఎం. (ప్రధానోపాధ్యాయుడు) గారు తన ఇబ్బంది దాచకుండా చెప్పారు. మోటారు మార్చడానికి చేతిలో నిధి లేదు, మరుగుదొడ్లు శుభ్రం చేసే ఆయాకు జీతం సకాలంలో రావడం లేదు. నిజానికి ఈ సమస్య ఆయన చేతిలోది కాదు. చాలాసార్లు మనం తప్పు మనిషి మీద కోప్పడి ఇంటికొస్తాం. బడిలో నీళ్లు రాకపోతే ఎదురుగా కనిపించేది హెచ్.ఎం., డబ్బు విడుదల చేయాల్సింది మరొకరు.

కాబట్టి ఆయనకిచ్చిన అర్జీలో "మీ పై అధికారులకు పంపగలరు" అని రాశాం. అదే విషయాన్ని, తల్లిదండ్రులు సభ్యులుగా ఉండే పాఠశాల యాజమాన్య కమిటీ సమావేశంలో పెట్టించి మినిట్స్‌లోకి ఎక్కించాం. ఆ మినిట్స్ నకలు జతచేసి మున్సిపల్ కమిషనర్‌కి, మండల విద్యాధికారికి (ఎం.ఈ.ఓ.) ఇచ్చాం. కదలిక లేకపోవడంతో సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ పెట్టాం. అక్కడ ఇచ్చే రసీదు నంబరు ఉంటే అర్జీ ఏ అధికారి దగ్గరుందో తెలుస్తుంది. కొత్త మోటారు వచ్చింది, పైపులు వేశారు, ఇప్పుడు నీళ్లు వస్తున్నాయి. ఆయా జీతం సంగతి మాత్రం తేలలేదు.

సభ్యులు ఇక్కడొక లెక్క గుర్తుంచుకోవాలి. 2025 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తల్లికి వందనం పథకం కింద ఒక్కో బిడ్డకు ఇచ్చిన 15,000 రూపాయల్లో 13,000 తల్లుల ఖాతాల్లో పడ్డాయి. మిగిలిన 2,000 బడి నిర్వహణకు, మరుగుదొడ్ల శుభ్రతకు అని పక్కన పెట్టారు. అంటే ఆ శుభ్రతకు ప్రతి బిడ్డ పేరు మీద డబ్బు కేటాయించారు. అది మన బడికి ఎంత వచ్చింది, దేనికి ఖర్చయింది అని అడగడం ఏ తల్లికైనా హక్కే. అడిగే మాట మర్యాదగా ఉంటే చాలు.

కమిటీలో కూర్చోవడం

2024 ఆగస్టు 8న రాష్ట్రమంతటా పాఠశాల యాజమాన్య కమిటీ ఎన్నికలు జరిగాయి. మన సభ్యుల్లో కొందరు తల్లులు గెలిచారు. వారికి అభినందనలు. విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ ప్రకారం ఈ కమిటీలో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి, మొత్తం సభ్యుల్లో సగం మంది మహిళలు ఉండాలి. బడి పనితీరు చూడడం, బడి అభివృద్ధి ప్రణాళిక రాయడం, వచ్చిన నిధులు ఎలా ఖర్చవుతున్నాయో చూడడం కమిటీ పనులే. గెలిచిన తొలి నెలల్లో "ఇక్కడ సంతకం పెట్టమ్మా" అనగానే పెట్టేసి వచ్చామని మన వాళ్లే చెప్పారు. ఇప్పుడు చదివాకే పెడుతున్నారు. చదవడం రాని సభ్యురాలికి పక్కనున్నవారు చదివి వినిపించాలని మనవాళ్లు పట్టుబట్టి ఒప్పించారు. ఈ ఏడాది నాకు ఎక్కువ సంతోషం కలిగించిన పని ఇది.

ప్రైవేటు బడులకు ఈ 21వ సెక్షన్ వర్తించదు. ప్రభుత్వ సాయం లేని బడిలో ఇలాంటి కమిటీ పెట్టాలన్న నిర్బంధం ఈ చట్టంలో లేదు. అక్కడ తల్లిదండ్రులు ఒక్కొక్కరుగా కరస్పాండెంట్ గది ముందు నిలబడాల్సి వస్తోంది. సంఘం అవసరం అక్కడే ఎక్కువ.

2024 డిసెంబరు 7న జరిగిన మెగా పేరెంట్ టీచర్ సమావేశానికి, ఆ తర్వాత 2025 జూలై 10న జరిగిన రెండోదానికి మన సభ్యులు బాగానే వెళ్లారు. రంగవల్లులు, ఆటలు, భోజనాలు బాగున్నాయి. అయితే ఆ సందడిలో ఒక్కో బిడ్డ గురించి టీచర్‌తో మాట్లాడే సమయం కొద్దిగానే దొరికింది. టీచర్లు తల్లిదండ్రులను క్రమం తప్పకుండా కలిసి బిడ్డ హాజరు, చదువు, ఎదుగుదల చెప్పాలని చట్టం 24వ సెక్షన్‌లోనే ఉంది. అందుకని ఏడాదికి ఒకటి రెండు పండుగ రోజుల కోసం ఆగక్కర్లేదు. ఏ నెలలోనైనా టీచర్‌ని సమయం అడిగి వెళ్లవచ్చు. వెళ్లే ముందు అడగాల్సినవి చీటీ మీద రాసుకెళ్లండి. అక్కడికి వెళ్లాక మొహమాటంతో సగం మరిచిపోతాం.

దెబ్బలు

దీని గురించి మనం మనలో మనం కూడా మాట్లాడుకోవాలి. ఒక ప్రైవేటు బడిలో హోంవర్కు చేయలేదని పిల్లవాడి అరచేతులు వాచేలా కొట్టారు. అడగడానికి వెళితే యాజమాన్యం వారు "రెండు తగిలించైనా చదివించండి సార్ అని మీరే కదా అన్నారు" అన్నారు. ఆ తండ్రి దగ్గర జవాబు లేదు. మనలో చాలామందిమి ఆ మాట అన్నవాళ్లమే. కానీ విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లల్ని కొట్టడాన్ని, మానసికంగా వేధించడాన్ని పూర్తిగా నిషేధించింది. తండ్రి అనుమతించాడన్నది అక్కడ చెల్లదు. ప్రైవేటు బడికీ ఇది వర్తిస్తుంది.

అప్పుడు చేసింది ఇదీ. ఏ రోజు, ఏ పీరియడ్‌లో, ఏం జరిగిందో పిల్లవాడు చెప్పినట్టే రాసుకున్నాం. డాక్టరుకు చూపించి చీటీ తీసుకున్నాం. ఆ టీచర్‌తో గొడవ పడకుండా ప్రిన్సిపాల్‌కి అర్జీ ఇచ్చి, రాతపూర్వకంగా జవాబు కావాలని అడిగాం. జవాబు వచ్చింది, ఇకముందు జరగదని హామీ ఇచ్చారు. రాకపోయి ఉంటే చట్టం 32వ సెక్షన్ కింద స్థానిక సంస్థకు ఫిర్యాదు ఇచ్చేవాళ్లం. మూడు నెలల్లోపు ఇరుపక్షాలనూ విని వాళ్లు తేల్చాలి. అక్కడా న్యాయం జరగకపోతే రాష్ట్ర బాలల హక్కుల పరిరక్షణ కమిషన్‌కు అప్పీలు చేసుకోవచ్చు.

ఆ రోజుల్లో ఒకరు పిల్లవాడి చేతుల వీడియో తీసి ముఖం కనిపించేలా వాట్సాప్ గ్రూపుల్లో పెట్టారు. దయచేసి ఎవరూ అలా చేయకండి. మనవాడి అవమానం ఊరంతా తిరుగుతుంది. అర్జీకి దాని వల్ల అదనపు బలమేమీ రాదు.

లైంగిక వేధింపు అనుమానం వస్తే మాత్రం పైన చెప్పిన మెట్లేవీ వద్దు. హెచ్.ఎం. విచారణ కోసమో, యాజమాన్యం రాజీ కోసమో ఆగకూడదు. నేరుగా పోలీసులకు చెప్పాలి, లేదా పిల్లల సహాయ నంబరు 1098కి ఫోన్ చేయాలి. పిల్లలపై లైంగిక నేరాలను అరికట్టే 2012 పోక్సో చట్టం ప్రకారం తెలిసి కూడా చెప్పకపోవడం నేరం. సంస్థ బాధ్యుడే దాచిపెడితే ఏడాది వరకు జైలు. బిడ్డ పేరు, ఫోటో, బడి పేరు, ఇల్లు తెలిసేలా ఏదీ బయటపెట్టకూడదు. మన వార్డు సచివాలయంలోని మహిళా పోలీసుకు చెప్పినా దారి చూపిస్తారు.

టీసీ, ఫీజు, బస్సు

వేసవిలో మన దగ్గరికి ఎక్కువగా వచ్చినవి టీసీ (బదిలీ సర్టిఫికెట్) గోడులే. ఫీజు బాకీ ఉందని ప్రైవేటు బడి టీసీ ఇవ్వదు. టీసీ లేనిదే ఎక్కడా చేర్చుకోరని తల్లిదండ్రులు అనుకుంటారు, బిడ్డ ఇంట్లో కూర్చుంటుంది. ఎనిమిదో తరగతి దాకా ఈ భయం అక్కర్లేదు. విద్యాహక్కు చట్టం 5వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ బడికి మారే బిడ్డకు టీసీ వెంటనే ఇవ్వాలి. టీసీ ఆలస్యమైందన్న కారణంతో కొత్త బడి చేర్చుకోకుండా ఉండకూడదు. ఈ సెక్షన్ తెలుగులో టైపు చేయించి ఆ తల్లులకు ఇచ్చాం. ఒకామె ఆ కాగితం పట్టుకుని తనే వెళ్లి కూతుర్ని ప్రభుత్వ బడిలో చేర్చి వచ్చింది. సంఘం నుంచి ఎవరూ తోడు వెళ్లాల్సిన పని రాలేదు. ఫీజు బాకీ వేరే లెక్క. దాన్ని మాట్లాడి తీర్చుకోవాల్సిందే.

ఫీజుల మీద మాత్రం మనం అనుకున్నది సాధించలేకపోయాం. ప్రైవేటు బడుల ఫీజులు ఖరారు చేస్తూ 2021లో ఇచ్చిన జీవో 53ను హైకోర్టు ఆ ఏడాది డిసెంబరులో కొట్టివేసింది. 2019 చట్టంతో ఏర్పడిన పాఠశాల విద్య నియంత్రణ, పర్యవేక్షణ కమిషన్‌కు ఫిర్యాదు చేసే దారి ఉంది. దానికి రసీదులు కావాలి. పుస్తకాలు, యూనిఫాం తమ దగ్గరే కొనాలనే బడులు చాలాసార్లు తెల్లకాగితం మీద అంకె వేసి ఇస్తున్నాయి. కట్టే ప్రతి రూపాయికీ బడి పేరున్న రసీదు అడగండి. అది లేకుండా మేము రాసే అర్జీ నిలబడదు.

బడి బస్సుల ఫిట్‌నెస్ సర్టిఫికెట్ గడువు ఏటా మే 15తో ముగుస్తుంది. బడి తెరిచేలోగా కొత్తది తీసుకోవాలి. డ్రైవరు వయసు 60 దాటకూడదు. మన పిల్లలు ఎక్కే బస్సుల కాగితాలు చూపమని యాజమాన్యాలను అడిగాం. దాదాపు అందరూ చూపించారు.

తేలనివి, చేయాల్సినవి

నడవలేని ఒక బిడ్డకు తరగతి గదిని కింది అంతస్తుకు మార్చమని, ర్యాంపు కట్టమని పెట్టిన అర్జీ ఇంకా తిరుగుతూనే ఉంది. గది మార్చారు, ర్యాంపు రాలేదు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 16వ సెక్షన్‌ను చూపిస్తూ మళ్లీ రాయబోతున్నాం. ఆ పాప తల్లి రోజూ ఎత్తుకుని మెట్లెక్కించేది. కొత్త కార్యవర్గం ముందుగా చేపట్టాల్సింది ఇదే అని నా అభ్యర్థన.

బడి నిధుల ఖర్చు వివరాల కోసం సమాచార హక్కు దరఖాస్తులు పెట్టాలన్న ప్రతిపాదన కూడా సమావేశం ముందుంది. మండల స్థాయి ఆఫీసుకైతే 5 రూపాయలు, ఆ పైనయితే 10 రూపాయలు రుసుము, జవాబుకు 30 రోజులు. నా అభిప్రాయం అడిగితే, ముందు హెచ్.ఎం.ని, కమిటీని అడిగి చూడాలి. ఫోన్ యాప్‌లలో ఫోటోలు ఎక్కించడంతోనే సగం పూట పోతున్న టీచర్ల మీద అవసరం లేని కాగితం పెట్టకూడదు. అడిగినా చెప్పనప్పుడు మాత్రం వెనకాడకూడదు.

అర్జీల నమూనాలు తెలుగులో తయారుగా ఉన్నాయి. నీళ్లు, భోజనం, దెబ్బలు, టీసీ, బస్సు, ఒక్కోదానికి ఒక్కో కాగితం. కావాల్సినవారు ఆదివారం సాయంత్రం సంఘం గదికి వచ్చి తీసుకెళ్లవచ్చు. రాయడం కష్టమైతే అక్కడే కూర్చుని రాసిపెడతాం. సభ్యత్వ రుసుము పెంచాలన్న ప్రతిపాదనను నేను సమర్థించడం లేదు, దాన్ని సభ్యుల నిర్ణయానికి వదులుతున్నాను.

ఈ నివేదికను ఆమోదించవలసిందిగా కోరుతూ,

కార్యదర్శి