నీటికాసుల ఆపరేషన్ అయిన కంటికి శుక్లం తీసేటప్పుడు

సంపాదకులకు నమస్కారం.

శుక్లం ఆపరేషన్ పావుగంట పని అనే మాట ఇప్పుడు ప్రతి ఇంట్లో వినిపిస్తోంది. చాలామందికి అది నిజమే కానీ, అంతకుముందే నీటికాసులకు, అంటే సాధారణంగా కంట్లో ప్రెషర్ పెరిగి చూపు నరం దెబ్బతినే గ్లాకోమాకు ఆపరేషన్ అయిన కంటి సంగతి వేరు.

మా నాన్నగారి కుడికంటికి ఆరేళ్ల కిందట ట్రాబెక్యులెక్టమీ చేశారు. ఈ గ్లాకోమా ఆపరేషన్‌లో కంట్లో ఊరే నీరు బయటికి పోయేందుకు కంటి తెల్లగుడ్డులో సన్నని దారి చేస్తారు. పైరెప్ప ఎత్తి చూస్తే ఆ నీరు చేరిన చోట పల్చటి బొబ్బలా కనిపిస్తుంది. డాక్టర్లు దాన్ని బ్లెబ్ అంటారు. కంటి ప్రెషర్ అదుపులో ఉండడమంతా ఆ బొబ్బ మీదే ఆధారపడి ఉంటుంది. ఈ ఆపరేషన్ తర్వాత శుక్లం త్వరగా ముదరడమూ మామూలే.

నాన్నగారికి శుక్లం తీసిన డాక్టరు బ్లెబ్ జోలికి పోకుండా పక్కనుంచి కోత పెట్టి, చక్కగానే చేశారు. ఇబ్బంది ఇంటికొచ్చాక మొదలైంది. అందరికీ ఇచ్చే అచ్చు కాగితమే మాకూ ఇచ్చి, నెల తర్వాత రమ్మన్నారు. వెళ్లేసరికి 14 ఉండే ప్రెషర్ 27కి చేరింది. శుక్లం తీసినప్పుడు కంట్లో వచ్చే వాపు వల్ల బ్లెబ్ మచ్చకట్టి పూడుకుపోవచ్చునని, స్టెరాయిడ్ చుక్కలతో కూడా కొందరికి ప్రెషర్ పెరుగుతుందని, అలాగని ఇలాంటి కంటికి వాపు తగ్గకముందే వాటిని ఆపడమూ మంచిది కాదని అప్పుడు గానీ మాకు తెలియలేదు. చుక్కల మందు అక్కర్లేకుండా ఆరేళ్లు గడిపిన మనిషి ఇప్పుడు మళ్లీ రోజుకు రెండుసార్లు వేసుకుంటున్నారు.

గ్లాకోమా వల్ల నరం దెబ్బతిని పోయిన చూపు శుక్లం తీసినా తిరిగి రాదన్న మాట కూడా ముందే చెప్పాలి. నరం బాగా దెబ్బతిన్నవారికి దూరం, దగ్గర రెండూ కనిపించేలా చేసే ఖరీదైన మల్టీఫోకల్ లెన్సులు అంటగట్టకపోవడం మేలు. వాటితో మసక వెలుతురులో చూపు ఇంకా తగ్గుతుంది.

ఆసుపత్రులకు, శిబిరాలు నడిపేవారికి నా మనవి ఒక్కటే. షుగరుందా, బీపీ ఉందా అని అడిగేచోటే పాత కంటి ఆపరేషన్ గురించీ అడిగి, అలాంటివారి కాగితం మీద ఎర్రసిరాతో రాసి, మర్నాడూ, వారానికీ, ఆ తర్వాత కూడా కొన్నాళ్లు ప్రెషర్ చూడాలి. పాత డిశ్చార్జి కార్డు ట్రంకుపెట్టెలో ఉంటే వెంట తీసుకువెళ్లవలసిన బాధ్యత మాత్రం మనదే.

ఇట్లు
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, తెనాలి