అమ్మ బోదకాలికి రెండు వైద్యాలను కలిపి నడిపిన ముగ్గురికి కృతజ్ఞతలు

పదకొండేళ్లుగా బోదకాలుతో బాధపడుతున్న మా అమ్మకు గత వానాకాలం నుంచి ఒక్కసారి కూడా చలిజ్వరం రాలేదు. అంతకుముందు ఏడాదికి నాలుగైదు సార్లు గజ్జల్లో బిళ్ల కట్టి, కాలు నిప్పులా కాలిపోయి, వారం రోజులపాటు మంచం దిగలేకపోయేది. మా ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరమ్మ గారికి, ఏఎన్‌ఎం గారికి, అమ్మను ఇరవై ఏళ్లుగా ఎరిగిన హోమియో డాక్టరు గారికి మా కుటుంబం తరఫున చేతులెత్తి నమస్కరిస్తున్నాను.

అమ్మకు హోమియో అంటే గురి. మూడేళ్ల క్రితం ఒక ఆసుపత్రిలో ఆ మాట చెప్పగానే కసురుకున్నారని, ఇక ఇంగ్లీషు వైద్యం గడప తొక్కనని భీష్మించుకుంది. ఆమె మనసు మార్చినవారు హోమియో డాక్టరు గారే. "బోదకాలు తెచ్చే ఫైలేరియా పురుగు సంగతి నా గుళికలు చూడలేవమ్మా, దానికి డీఈసీ మాత్రలున్నాయి. జ్వరం వస్తే నా కోసం ఎదురుచూడకుండా ముందు అక్కడికే వెళ్లాలి" అని చెప్పి, తాను ఇస్తున్న మందుల పేర్లన్నీ ఒక కాగితం మీద రాసిచ్చి పంపారు. డాక్టరమ్మ గారు దాన్ని మొత్తం చదివి, అదే కాగితం వెనుక తాము ఇచ్చే మందులు రాసి ఆయనకు చూపించమన్నారు.

ఆ పురుగు పిల్లలు రాత్రివేళ రక్తంలో ఎక్కువగా తిరుగుతాయి కాబట్టి, ఏఎన్‌ఎం గారు రాత్రి పది దాటాక ఇంటికి వచ్చి మా అందరి రక్తం తీసుకెళ్లారు. అమ్మ పన్నెండు రోజులు డీఈసీ మాత్రలు వేసుకుంది. అయితే పురుగు లింఫ్ నాళాలను, అంటే ఒంట్లో చేరే నీటిని తిరిగి రక్తంలోకి చేర్చే సన్నని గొట్టాలను, పాడుచేశాక వచ్చిన పాత వాపు మాత్రలతో పోదని, మాటిమాటికీ జ్వరం తెస్తున్నది కాలివేళ్ల సందుల్లోని పగుళ్ల గుండా లోపలికి చేరే బ్యాక్టీరియా అని డాక్టరమ్మ గారు వివరించాకే అసలు విషయం మాకు బోధపడింది. ఏఎన్‌ఎం గారు పీట వేసుకుని కూర్చుని, అమ్మ కాలిని తన ఒడిలో పెట్టుకుని, ఒక్కొక్క మడతనూ విడదీసి సబ్బుతో కడిగి, మెత్తని నూలుగుడ్డతో రుద్దకుండా అద్ది, వేళ్ల మధ్య టార్చి వేసి చూసి, చిట్లిన చోట పూతమందు రాయడం నాకు నేర్పారు. పరాయి మనిషి కాలిని అంత ప్రేమగా పట్టుకోవడం చూసి అమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది.

గుళికల వల్లే జ్వరాలు ఆగాయని నేను చెప్పను, ఆ డాక్టరు గారూ చెప్పరు. కానీ అమ్మ రోజుకు రెండుసార్లు కాలు కడుక్కోవడం ఆయన మాట మీద ఉన్న నమ్మకంతోనే మొదలైంది. ఇప్పటికీ ఆయన ముందు వేళ్ల సందులు చూశాకే గుళికల సీసా తీస్తారు. పాత కాగితం రెండు వైపులా నిండిపోవడంతో, పోయిన నెల ఇద్దరు డాక్టర్లూ కలిసి అమ్మకు ఒక నోటుపుస్తకం పెట్టించారు.