జనరేటరుతో బోటు బ్యాటరీ చార్జింగ్: పెట్రోలు ఎక్కడ పోతోంది?

సంపాదకులకు నమస్కారం.

సముద్రంలో చేపల వేట నిషేధం ఏటా జూన్ 14తో ముగుస్తుంది. ఏప్రిల్ 15 నుంచి కట్టేసి ఉంచిన మెకనైజ్డ్ బోట్లలో బ్యాటరీలు ఈ రెండు నెలల ఎండకు వాటంతట అవే దిగిపోయి ఉంటాయి. వేడి పది డిగ్రీలు పెరిగితే ఈ దిగుడు ఇంచుమించు రెట్టింపవుతుంది. అందుకే వేటకు సిద్ధమయ్యే రోజుల్లో విశాఖ ఫిషింగ్ హార్బరులో డెక్కుల మీద చిన్న పెట్రోలు జనరేటర్ల మోత మొదలవుతుంది. ఆ పెట్రోలులో చాలా భాగం దండగ. కొన్నిచోట్ల ప్రాణాల మీదికి వచ్చే పద్ధతులూ ఉన్నాయి. బోటు యజమానులు, సరంగులు (బోటు నడిపేవాళ్లు) చదువుతారని ఈ ఉత్తరం.

మొదటి పొరపాటు, జనరేటరు మీద ‘12 వోల్ట్ డీసీ’ అని రాసి ఉన్న సాకెట్ నుంచి నేరుగా బ్యాటరీకి వైర్లు తగిలించడం. చిన్న జనరేటర్లలో ఆ సాకెట్ ఇచ్చేది ఎనిమిది ఆంపియర్లకు అటూ ఇటూ. 180 ఏహెచ్ (ఆంపియర్-అవర్, అంటే ఆంపియర్లను గంటలతో గుణించిన లెక్క) బ్యాటరీ సగానికి దిగితే తిరిగి పెట్టాల్సింది 90 ఏహెచ్. కొంత వేడిగా, గ్యాసుగా పోతుంది కాబట్టి 105 దాకా పెట్టాలి. గంటకు ఎనిమిది చొప్పున పదమూడు గంటలు. నూరు వాట్ల పనికి ఒక కేవీఏ (వెయ్యి వోల్ట్-ఆంపియర్లు, అంటే వీఏ) జనరేటరు అంతసేపు తిరగాలన్నమాట. ఆ సాకెట్‌కు వోల్టేజి అదుపు ఉండదు, ఎప్పుడు ఆపాలో అంతకన్నా తెలియదు.

230 వోల్టుల ప్లగ్గు నుంచి మంచి ఆటోమేటిక్ చార్జరుకు, దాని నుంచి బ్యాటరీకి ఇవ్వాలి. చార్జరు ఆంపియర్లు బ్యాటరీ ఏహెచ్‌లో పదో వంతుకు తగ్గకూడదు, ఐదో వంతు దాటకూడదు. 180 ఏహెచ్‌కు 20 నుంచి 35 ఆంపియర్లు సరిపోతాయి. ఇక్కడే చాలామందికి ఒక చిక్కు వస్తుంది. 30 ఆంపియర్ల చార్జరు 14.4 వోల్టుల దగ్గర ఇచ్చేది 430 వాట్లు, నష్టాలు కలుపుకుంటే 500 పైచిలుకు. మరి ఒక కేవీఏ జనరేటరు మీద ఓవర్‌లోడ్ లైటు ఎందుకు వెలుగుతోంది? చవక చార్జర్ల పవర్ ఫ్యాక్టరు (లాగిన వీఏలో నిజంగా పనికొచ్చే వాట్ల వంతు) 0.6, 0.65 మాత్రమే. 500 వాట్ల పనికి అవి 800 వీఏ లాగుతాయి. ఒక కేవీఏ సెట్టు నిలకడగా ఇవ్వగలిగింది కూడా దాదాపు అంతే, ఎండకు వేడెక్కగానే ట్రిప్ అవుతుంది. కొనేటప్పుడు పవర్ ఫ్యాక్టర్ కరెక్షన్ ఉందా అని అడగండి. లేదంటే 20 ఆంపియర్లదే తీసుకోండి. పాత ట్రాన్స్‌ఫార్మర్ చార్జర్ల సంగతి వేరు. జనరేటరు వోల్టేజి పెరిగితే వాటిదీ పెరుగుతుంది. రాత్రంతా వదిలేస్తే నీళ్లు మరిగి ప్లేట్లు బయటపడతాయి.

వైర్ల విషయంలో పొదుపు తిరగబడుతుంది. జనరేటరు పక్కనే చార్జరు పెట్టి, అక్కడి నుంచి ఐదు మీటర్ల సన్నని వైరు ఇంజన్ రూములోకి దించుతారు. పోను ఐదు, రాను ఐదు, మొత్తం పది మీటర్లు. 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరులో 30 ఆంపియర్లు పారితే దారిలోనే 1.3 వోల్టులు పోతాయి. చార్జరు 14.4 చూపిస్తుంటే బ్యాటరీ మీద 13.1 ఉంటుంది, గంటలు గడిచినా ఎక్కదు. దీన్ని తిరగేయండి. చార్జరును బ్యాటరీకి మీటరు దూరంలో, గాలి ఆడేచోట, బ్యాటరీ మీద కాకుండా పక్కన పెట్టి, పొడవంతా 230 వోల్టుల వైపు ఇవ్వండి. 1.5 చదరపు మిల్లీమీటర్ల మూడు కోర్ల రబ్బరు కేబులు పదిహేను మీటర్లు లాగినా పోయేది ఒక వోల్టు పైచిలుకు. 230లో అదొక లెక్క కాదు.

ఎక్కడ ఆపాలన్నది అసలు ప్రశ్న. సగం నుంచి ఎనభై శాతం దాకా బ్యాటరీ ఇచ్చినంతా తీసుకుంటుంది. 30 ఆంపియర్లతో ఆ భాగం రెండు గంటల చిల్లరలో అయిపోతుంది. తర్వాత వోల్టేజి 14.4 దగ్గర నిలిచి కరెంటు తగ్గుతూ పోతుంది. పదిహేను, ఎనిమిది, నాలుగు. చివరి ఇరవై శాతానికి నాలుగు నుంచి ఆరు గంటలు పడుతుంది. లీటరు నూరు రూపాయలు దాటిన పెట్రోలుతో ఐదారు ఆంపియర్లు పెట్టడం ఏ లెక్కనా గిట్టదు. కరెంటు పది ఆంపియర్లకు దిగగానే జనరేటరు ఆపేయండి. అలాగని ఆ ఇరవై శాతం వదిలేయడానికీ లేదు. ప్లేట్ల మీద సల్ఫేటు గట్టిపడి బ్యాటరీ సామర్థ్యం నెలనెలా కుంచించుకుపోతుంది. ఆ మిగతా పని జెట్టీ కరెంటుదో, కేబిన్ పైన సోలారు పలకదో కావాలి. నూరు వాట్ల పలక మంచి ఎండ రోజున పాతిక ఏహెచ్‌కు అటూ ఇటూ ఇస్తుంది. 14.4 దగ్గర కరెంటు మూడు నాలుగు ఆంపియర్లకు దిగితే నిండినట్టు. యాసిడ్ సాంద్రత కొలిచే హైడ్రోమీటరుతో ప్రతి సెల్లూ చూడండి. గ్రావిటీ 1250 దగ్గర ఉండాలి, ఒక సెల్లు మిగతావాటికన్నా 50 పాయింట్లు వెనకబడితే అది పోతున్న సెల్లు. డిస్టిల్డ్ వాటర్ చార్జింగ్ అయ్యాకే పోయాలి. ప్లేట్లు బయటపడితే మాత్రం ముందు అవి మునిగేంత పోసి, తక్కినది తర్వాత. ఇంజన్ రూములో నలభై డిగ్రీలుంటే 14.4 కూడా ఎక్కువే. పాతిక డిగ్రీల పైన ప్రతి డిగ్రీకి పాతిక మిల్లీవోల్టుల చొప్పున తగ్గిస్తే 14 దగ్గరికి వస్తుంది.

చార్జరు స్విచ్ ఆఫ్‌లో ఉండగా ముందు ప్లస్ క్లిప్పు, తర్వాత మైనస్. జనరేటరు రెండు మూడు నిమిషాలు తిరిగి నిలకడ పడ్డాకే చార్జరు ఆన్ చేయాలి. ఆపేటప్పుడు ముందు చార్జరు, ఆ తర్వాత జనరేటరు. లోడు మీద ఉండగా పెట్రోలు అయిపోనివ్వకండి. ఆగిపోయే ముందు ఇంజన్ ఎగుడుదిగుడుగా తిరిగితే వోల్టేజీ అలాగే ఊగుతుంది, చార్జర్లలో బోర్డులు కాలడానికి అదొక కారణం.

24 వోల్టుల స్టార్టరు కోసం రెండు 12 వోల్టుల బ్యాటరీలు సిరీస్‌లో ఉండే బోట్లలో ఇంకో జబ్బు చూస్తాం. వైర్‌లెస్ సెట్టు, జీపీఎస్, సెల్‌ఫోన్ చార్జింగ్ 12 వోల్టులవి కాబట్టి అన్నీ కింది (మైనస్ వైపు) బ్యాటరీ నుంచే లాగుతారు. అది దిగుతుంది, పైది నిండుగానే ఉంటుంది. 24 వోల్టుల చార్జరు రెండింటినీ కలిపి 28.8 చూసుకుంటుంది. కానీ మీటరు పెట్టి విడివిడిగా చూస్తే ఒకదాని మీద 15.5, రెండోదాని మీద 13.3. ఒకటి మరిగి చస్తుంది, రెండోది ఆకలితో చస్తుంది. షాపువాడు బ్యాటరీ నాసిరకమంటాడు, ఓనరు కంపెనీని తిడతాడు. 24 నుంచి 12కు దించే కన్వర్టరు పెట్టుకుంటే ఈ గొడవే ఉండదు. అప్పటిదాకా చార్జింగ్ సమయంలో రెండింటినీ విడదీసి 12 వోల్టుల చార్జరుతో వేరువేరుగా ఎక్కించండి.

ఇక ప్రమాదాలు. జనరేటరు కేబిన్‌లోనో ఇంజన్ రూములోనో ఉండకూడదు, తలుపు తెరిచి ఉన్నా సరే. పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా లేవు, నిద్రలో ఉన్న కళాసీ లేవడు. డెక్కు మీద ఉంచినా గాలివాటు చూడాలి. మన తీరంలో సాయంత్రం సముద్రం మీంచి వీచే గాలి రాత్రికి నేల మీంచి తిరుగుతుంది. పొద్దుగూకేటప్పుడు పొగ బయటికే పోతోందని పెట్టిన చోటే అర్ధరాత్రికి కేబిన్‌కు ఎదురవుతుంది. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు, కిందికి దిగి బోటు అడుగున చేరుతుంది. బ్యాటరీ వదిలే హైడ్రోజన్ తేలిక, పైన మూలల్లో చేరుతుంది. గాలిలో నాలుగు శాతం చాలు, క్లిప్పు దగ్గర నిప్పురవ్వకి పేలుతుంది. ట్యాంకు నింపడం ఇంజన్ చల్లారాక, గట్టు మీద మాత్రమే. 2023 నవంబరు 19 రాత్రి ఇదే హార్బరులో మంటలు బోటు నుంచి బోటుకు ఎలా పాకాయో ఊరంతా చూసింది.

ఇంగ్లండు కాలువల్లో ఏడడుగుల వెడల్పు నేరోబోట్లను ఇళ్లుగా చేసుకుని బతికేవాళ్లదీ ఇదే తంటా. వాళ్లు మామూలుగా స్టార్టరు బ్యాటరీని విడిగా ఉంచి, దీపాలకు, పంపులకు వేరే బ్యాటరీలు పెట్టుకుంటారు. రాత్రి బల్బులు వెలిగినంత మాత్రాన పొద్దున ఇంజన్ మొరాయించదు. పక్క బోట్లున్నచోట రాత్రి ఎనిమిది నుంచి పొద్దున ఎనిమిది దాకా జనరేటర్లు తిప్పకూడదన్న నియమమూ అక్కడ ఉంది. మన బోటు యజమానుల సంఘాలు ఈ రెండూ ఇక్కడ అమలు చేసుకోవచ్చు, దీనికి ప్రభుత్వ జీవో అక్కర్లేదు.

మత్స్యశాఖకు విన్నపం మాత్రం ఒకటుంది. నిషేధ కాలంలో బోట్లు కట్టేసే జెట్టీల వెంబడి మీటరుతో, కరెంటు లీకైతే లైను కట్ చేసే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీతో, వాన తగలని 16 ఆంపియర్ల ప్లగ్ పాయింట్లు కావాలి. చిన్న జనరేటర్లలో న్యూట్రల్ సాధారణంగా బాడీకి కలిపి ఉండదు కాబట్టి వాటి మీద పెట్టిన ఆర్‌సీసీబీ అవసరమప్పుడు ట్రిప్ కాకపోవచ్చు. సరైన ఎర్తింగ్ ఉన్న జెట్టీ లైను మీద అయితే ట్రిప్ అవుతుంది. ఒక్కో బోటు చార్జరు లాగేది మూడు నాలుగు ఆంపియర్లే, ఒక పాయింటు మీద నాలుగు బోట్లు నడుస్తాయి. వచ్చే ఏప్రిల్ 15 లోపు ఒక జెట్టీకైనా పెట్టి చూడమని కోరుతున్నాం.

— బోటు ఎలక్ట్రీషియన్లు,
జాలారిపేట, విశాఖపట్నం