చిన్న తేడా దొరికితే చాలా?

సంపాదకుల గారికి నమస్కారం.

అత్యాచారం కేసు కొట్టేశారన్న వార్తల్లో 'సరైన సాక్ష్యాధారాలు లేనందున' అన్న ముక్క తరచుగా కనిపిస్తుంది. అది చదివినవాళ్లు చాలామంది కేసే తప్పుడుదనుకుంటారు. జిల్లా కోర్టులో ప్రాక్టీసు చేస్తున్నదాన్ని కాబట్టి ఆ ముక్క వెనక ఏం జరుగుతుందో చెప్పాలని రాస్తున్నాను.

బాధితురాలి మాట నమ్మదగినదిగా ఉంటే అదొక్కటే చాలని, వేరే సాక్షి అక్కర్లేదని సుప్రీంకోర్టు ఎన్నోసార్లు చెప్పింది. 1996 నాటి గుర్మీత్ సింగ్ తీర్పు అందులో ముఖ్యమైనది. పంజాబ్‌లో పదో తరగతి పరీక్ష రాసి వస్తున్న అమ్మాయిని 1984లో కారులో ఎత్తుకెళ్లారు. కింది కోర్టు ఆమెను నమ్మలేదు. ఆ కారు ఫియట్టో అంబాసిడరో చెప్పలేకపోయిందని, బస్టాండు మీదుగా వెళ్తున్నప్పుడు కేకలు వేయలేదని, మర్నాడు పరీక్ష హాల్లో టీచరుకు చెప్పలేదని తప్పుపట్టింది. ఆ పిల్ల పరీక్ష రాసి, ఇంటికెళ్లి తల్లికి చెప్పుకుంది. అంతకంటే సహజం ఏముంటుంది? సుప్రీంకోర్టు సరిదిద్దేసరికి దాదాపు 12 ఏళ్లు గడిచాయి.

అలాంటి ప్రశ్నలు ఇప్పటికీ ఆగలేదు. ఘటన జరిగిన ఇంటి గుమ్మం ఏ ముఖంగా ఉంది, పక్కిల్లు ఎన్ని అడుగుల దూరం అని నిందితుడి లాయరు అడుగుతారు, అదీ రెండు మూడేళ్ల తర్వాత. పోలీసులకు, డాక్టరుకు, మేజిస్ట్రేటుకు చెప్పిన మాటలను పక్కపక్కన పెట్టి తేడాలు ఏరుతారు. ఒకచోట 'సాయంత్రం 6 గంటలకు' అని, ఇంకోచోట 'చీకటి పడ్డాక' అని ఉంటే చాలు. 'నేను అబద్ధం చెబుతున్నాననడం నిజం కాదు' అని ఆమెచేత చెప్పించి, సంతకం పెట్టించుకుంటారు. ఆ టెన్షన్‌లో తేదీ తడబడని మనిషి ఎవరు?

క్రాస్ ఎగ్జామినేషన్ వద్దని నేననను. నిందితుల తరఫున నేనూ వాదించాను. సందేహం మిగిలితే అది నిందితుడికే దక్కాలి. కానీ ఆ సందేహం నేరం గురించి రావాలి, గుమ్మం దిక్కు గురించి కాదు.

ఒంటిమీద గాయాలు లేవనేది ఇంకో సాకు. మహారాష్ట్రలో మథుర అనే అమ్మాయిపై పోలీసు స్టేషన్‌లోనే అత్యాచారం జరిగిందన్న కేసులో 1978లో కానిస్టేబుళ్లు నిర్దోషులుగా బయటపడింది ఇలాంటి వాదనతోనే. శారీరకంగా ఎదిరించనంత మాత్రాన ఒప్పుకున్నట్టు కాదని అత్యాచార చట్టానికి 2013లో చేసిన సవరణ స్పష్టంగా రాసింది. బాధితురాలికి ముందే లైంగిక అనుభవం ఉందా అని చూసే రెండు వేళ్ల పరీక్ష ఎవరు చేసినా దుష్ప్రవర్తనేనని 2022లో సుప్రీంకోర్టు హెచ్చరించింది. అయినా వాదనల్లో మెడికల్ రిపోర్టులోని 'గాయాలు లేవు' అన్న వాక్యాన్నే ముందు చదువుతారు.

ఇలాంటి ప్రశ్నలను అదుపు చేసే అధికారం జడ్జిల చేతిలో లేక కాదు. ఇబ్బందికరమైన ప్రశ్నలను డిఫెన్సు లాయరు రాసిస్తే జడ్జే అడగవచ్చని 2004లోనే 'సాక్షి' అనే స్వచ్ఛంద సంస్థ వేసిన కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. పిల్లలపై లైంగిక నేరాలకు సంబంధించిన పోక్సో చట్టం కేసుల్లో ప్రశ్నలన్నీ జడ్జి ద్వారానే వెళ్లాలి, కోర్టు కేసు చేపట్టిన 30 రోజుల్లో పిల్లల సాక్ష్యం నమోదు కావాలి. అత్యాచారం కేసుల్లో చార్జిషీటు వేసిన 2 నెలల్లో విచారణ ముగించాలని క్రిమినల్ కేసుల విచారణ పద్ధతిని నిర్దేశించే కొత్త చట్టం, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత కూడా అంటోంది. బాధితురాలు త్వరగా బోనెక్కితే ఈ తేడాల్లో సగం పుట్టవు.

మన రెండు రాష్ట్రాల హైకోర్టులు ఒక్క పని చేయాలని కోరుతున్నాను. ఒక్కో కేసులో చార్జిషీటు పడిన రోజు నుంచి బాధితురాలి సాక్ష్యం పూర్తయ్యేదాకా ఎన్ని రోజులు పట్టిందో, మధ్యలో ఎన్ని వాయిదాలు ఎవరు అడిగారో, పేర్లు బయటపెట్టకుండా జిల్లాలవారీగా ఏటా ప్రకటించాలి.

– ఒక మహిళా న్యాయవాది, నరసరావుపేట